పదహారు నిమిషాలు

ఉదయం 10:40.

ఒక నానమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని అపార్ట్‌మెంటు గేటు దాటింది. సన్నగా చినుకులు పడుతున్నాయి. నానమ్మ చేతిలో గొడుగు లేదు.

ఆ తరువాత వాళ్ళిద్దరూ ఏమయ్యారో ఎవరికీ తెలియదు.

12:15కి పాప తల్లి పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. చెప్పుల్లో నీళ్ళు. కుడి చేతిలో మందుల షాపు కవరు. ఆ కవరును ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకుంది.

"కూర్చోండమ్మా," అంది ఇన్‌స్పెక్టర్.

ఆమె కూర్చోలేదు.

"మీ అత్తగారి వయసు?"

"డెబ్భై రెండు."

"ఆరోగ్యం?"

"మనిషి గట్టిదే మేడమ్. మరపొక్కటే. పోయినేడాది నుంచి. ఒక్కోరోజు నన్నే 'ఎవరమ్మాయివే నువ్వు?' అంటుంది. ఒక్కోరోజు నలభై ఏళ్ళ కిందటి పాలవాడి పేరు కూడా చెబుతుంది."

"అలాంటావిడ దగ్గర పాపని ఒంటరిగా ఎలా వదిలారు?"

ఆ ప్రశ్న అడిగిన మరుక్షణం ఇన్‌స్పెక్టర్‌కు అడగకుండా ఉండాల్సింది అనిపించింది. కానీ నోరు దాటిన మాట.

"ఇవాళ బాగానే ఉంది మేడమ్. పొద్దున లేవగానే నన్ను పేరు పెట్టి పిలిచింది. కాఫీ తనే కలుపుకుంది. ముప్పై నిమిషాల పనే కదా అని..." పాప తల్లి కవరు ఎత్తి చూపించింది. "పాపకి ఆయాసం. ఇన్‌హేలర్ నిన్నటితో అయిపోవచ్చింది. పొద్దున ఎనిమిదింటికి అడుగూబొడుగూ పీల్పించాను. కొత్తది తెద్దామని వెళ్ళాను. వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది."

"మళ్ళీ ఎప్పుడు పీల్చాలి?"

"రెండింటికి. తడిస్తే ఇంకా ముందే."

ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం వైపు చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది.

పాపకు మూడున్నరేళ్ళు. పాప తండ్రి ఉద్యోగం పని మీద వేరే ఊరు వెళ్ళాడు, రాత్రికి గానీ రాలేడు. చుట్టాలు లేరు. చివరిసారి చూసింది వాచ్‌మన్ ఒక్కడే. అతనిని పిలిపించారు.

"'ఎక్కడికమ్మా వానలో?' అన్నాను మేడమ్. 'బడికి టైమైపోయింది నాయనా, జరుగు' అంది. ఇంతలో కొరియర్ వాడొచ్చాడు. సంతకం పెట్టి తలెత్తేసరికి లేరు."

"ఎటు తిరిగారు?"

"చూళ్ళేదు మేడమ్."

"ఇంకేం చూశావు?"

"తెల్ల వ్యాను. గేటు బయట సందులో ఆగుంది. పదకొండు లోపలే వెళ్ళిపోయింది."

ఇన్‌స్పెక్టర్ పాప తల్లి వైపు తిరిగింది. "పాప బడికి వెళ్తుందా?"

"ఇంకా వేయలేదు మేడమ్. మరపులో ఏదో అనుంటుంది."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో అప్పటికే 'బడి' అని రాసుకుని ఉంది. ఆ జవాబు విన్నాక కొట్టేసింది. 'తెల్ల వ్యాను' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

2

స్టేషను మేడ మీద వీడియో గది. కిటికీ లేదు. ఒక బల్ల, రెండు స్క్రీన్లు, బల్ల కింద నల్లటి కంప్యూటరు.

ఊళ్ళో కెమెరాల వీడియోలు తెరవగలిగేది ఆ యంత్రం ఒక్కటే. మనిషి ఫొటో ఇస్తే చాలు, గంటల వీడియోను తనే జల్లెడ పట్టి, ఆ మనిషి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి చూపిస్తుంది. కనిపించకపోతే సున్నా వేస్తుంది. అది సున్నా వేసిన వీడియోను మళ్ళీ మనిషి కళ్ళతో చూడటం ఆ గదిలో అలవాటు లేదు. ఎందుకు చూడాలి? దాన్ని పెట్టుకున్నదే అందుకు కదా.

ఆ గదికి రాణి ఒక లేడీ కానిస్టేబుల్. స్టేషనంతా ఆమెను రిజిస్టరమ్మ అంటుంది. ప్రతి వీడియో ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో గుండ్రటి అక్షరాలతో పెద్ద పుస్తకంలో రాస్తుంది. తుమ్మినా టైము రాస్తుందని కింద జోకులు.

1:05కి వీడియోలు వచ్చాయి. గేటు ముందున్నది సన్నటి సందు. అరవై అడుగుల పొడవు, అందులో కెమెరా లేదు. సందుకు ఎడమ చివర ఒక కెమెరా, కుడి చివర ఒక కెమెరా. గేటు మీద అపార్ట్‌మెంటు వాళ్ళదే ఇంకొకటి.

మూడు వీడియోలు. ఒక్కొక్కటి గంట.

"ఎంతసేపు పడుతుంది?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"ఒక్కోదానికి పావుగంట పైన మేడమ్. ఇప్పుడు చురుగ్గా పనిచేస్తోంది," అంది రిజిస్టరమ్మ, కొంచెం గర్వంగా.

1:10కి నడిపించింది.

1:21కి రెండు స్క్రీన్లూ నల్లబడ్డాయి.

ఫ్యాన్లు ఒక్కసారి హోరుమని, ఆగిపోయాయి. గది నిశ్శబ్దమైంది.

"ఏమైంది?"

"తెలీదు మేడమ్. దానంతటదే..."

మళ్ళీ ఆన్ చేసింది. 1:34కి నడిపించింది. 1:41కి మళ్ళీ చీకటి.

మెట్ల కింద బెంచీ మీద పాప తల్లి కూర్చుని ఉంది. ఎవరు మెట్లు దిగినా లేచి నిలబడుతోంది. "దొరికారా మేడమ్?" అని అడగడం లేదు. ఊరికే చూస్తోంది. అడిగితే బాగుండుననిపించింది ఇన్‌స్పెక్టర్‌కు.

2:10కి టెక్నీషియన్ వచ్చాడు. ఈ స్టేషనుకూ ఇంకో నాలుగు ఆఫీసులకూ కంప్యూటర్లు చూసే మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. అందరూ డాక్టరు అంటారు.

"రండి డాక్టరుగారూ," అంది రిజిస్టరమ్మ. "పేషెంటు రెండుసార్లు పోయి బతికింది."

అతను నవ్వలేదు. ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఆమె తల దించుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఆ చూపును గమనించింది. ఆ క్షణంలో పట్టించుకోలేదు.

డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"కరెంటు పోయిందా?"

"లేదు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి."

"వీడియో ఊరికే ప్లే చేస్తే పడిపోతోందా?"

"లేదు. వెతకమంటేనే."

అతను పక్క మూత విప్పాడు. లోపల ఇటుక రాయంత పొడుగ్గా ఒక పరికరం, దానికి మూడు ఫ్యాన్లు.

"ఇది గ్రాఫిక్స్ కార్డు మేడమ్. వెతకడంలో బరువంతా దీనిదే. దీనికి వెళ్ళే పవర్ కేబుల్ వదులైందేమో."

ఇన్‌స్పెక్టర్ వంగి, అరచేతిని తిప్పి, వేళ్ళ వెనకవైపు దానికి ఆనించింది. ఇంట్లో రెండేళ్ళ కొడుకు నుదురు చూసే అలవాటు అది.

"కాలుతోంది."

"డెబ్భై ఒక్క డిగ్రీలు మేడమ్. దానికి మామూలే."

కేబుల్ మార్చాడు. దుమ్ము ఊదాడు. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ ఎక్కించాడు. "డ్రైవర్ అంటే వ్యాను డ్రైవరు కాదు మేడమ్," అని వివరించబోయాడు.

"నాకు తెలుసు. నువ్వు కానివ్వు."

2:00 ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

2:40కి నడిపించారు. ముగ్గురూ స్క్రీన్ల ముందు నిలబడ్డారు. 2:54కి స్క్రీను మీద అక్కడక్కడా ఆకుపచ్చ చుక్కలు మెరిశాయి. దద్దుర్లు లేచినట్టు. 2:55కి మళ్ళీ చీకటి.

ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకుంది. పదమూడేళ్ళ సర్వీసు. దొంగ దొరక్కపోతే వెతకడం తెలుసు. అబద్ధం చెబితే గద్దించడం తెలుసు. ఈ నల్లడబ్బాను ఏమని గద్దించాలి? దీనికి చెవులున్నాయా, భయముందా?

బయటికి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, తలుపు గడియ పెట్టావా?"

"పెట్టానే. ఇందాకా అడిగావు."

"పై గడియ కూడా?"

"పై గడియ కూడా. ఏమైందే నీకివాళ?"

ఏమీ లేదని పెట్టేసింది.

తిరిగి వచ్చేసరికి డాక్టరు స్క్రీన్ మీద తెరిచి ఉన్న ఏదో చిన్న కిటికీని మూసేస్తున్నాడు. "ఇప్పుడు సరిగ్గా ఉంటుంది మేడమ్," అన్నాడు. నుదుటి మీద చెమట.

3:05. గేటు కెమెరా. 3:21కి ముగిసింది.

పడిపోలేదు! రిజిస్టరమ్మ చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

3:21. ఎడమ కెమెరా. 3:37కి ముగిసింది.

3:37. కుడి కెమెరా. 3:53కి ముగిసింది.

స్క్రీన్ మీద జాబితా వచ్చింది.

గేటు: 0
ఎడమ: 0
కుడి: 0

"ఎడమకీ వెళ్ళలేదు, కుడికీ వెళ్ళలేదు," అంది రిజిస్టరమ్మ. "అంటే సందులోనే..."

"వ్యాను," అంది ఇన్‌స్పెక్టర్.

3:55కి వైర్‌లెస్ మోగింది. ఊళ్ళో ఉన్న జీపులన్నీ తెల్ల వ్యాన్ల వెంట పడ్డాయి.

3

4:20కి వ్యాను డ్రైవరును తీసుకొచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. చొక్కా గుండీ ఒకటి తెగి ఉంది. ఎలా తెగిందో ఎవరూ అడగలేదు.

"పదిన్నరకి ఆ సందులో ఏం చేస్తున్నావు?"

"కర్టెన్లు మేడమ్. మూడో అంతస్తులో కర్టెన్లు ఇచ్చి బిగించొచ్చాను."

"ముసలావిడ్ని, పాపని చూశావా?"

"చూళ్ళేదు మేడమ్. నేను పైనున్నాను."

"వ్యాను తాళం వేశావా?"

"వేశాను మేడమ్."

"అబద్ధం చెప్పకు. పాపకి ఊపిరందదు. తెలుసా నీకు? ఎక్కడ దింపావో చెప్పు."

అతను చేతులు జోడించలేదు, ఏడవలేదు. అలసిపోయినవాడిలా చూశాడు. "నేనేం చెబితే మీరు నమ్ముతారో చెప్పండి మేడమ్. అదే చెబుతాను."

వ్యాను వెతికారు. కొత్త బట్ట వాసన. ఒక నిచ్చెన, ఒక డ్రిల్లు, స్క్రూల డబ్బా. పాప జుట్టు వెంట్రుక కూడా లేదు.

4:32. ఇన్‌స్పెక్టర్ వరండాలోకి వచ్చింది. చినుకులు ఆగలేదు. మళ్ళీ ఇంటికి ఫోన్ చేసింది. అవతల కుట్టు మిషను చప్పుడు. అమ్మ పాతికేళ్ళు దానితోనే ఇల్లు నడిపింది.

"గడియ పెట్టే ఉందే తల్లీ," అంది అమ్మ, అడగకముందే. "వాడు నిద్రపోతున్నాడు. లేచేలోపు ఈ జాకెట్టు అవగొడదామని జోరుగా తొక్కాను. ఇదేమో కుట్లు వదిలేసింది. పైకి చూస్తే శుభ్రంగా ఉంది. తిప్పి చూస్తే చెయ్యంతా పట్టు లేదు. మళ్ళీ మొదటినుంచీ విప్పుకోవాలి."

ఇన్‌స్పెక్టర్ తల తిప్పి మేడ మెట్ల వైపు చూసింది.

"ఏమే? ఉన్నావా?"

"అమ్మా, తొందరపడి తొక్కితే సూది విరగాలి కదా?"

"విరిగితే నయమే. తెలిసిపోతుంది. కుట్టు వదిలితేనే తెలీదు."

ఆమె ఫోన్ పెట్టేసి మెట్లెక్కింది. రెండేసి మెట్లు.

4

4:38. వీడియో గది.

ఇన్‌స్పెక్టర్ తలుపు మూసింది. లోపల డాక్టరు, రిజిస్టరమ్మ. వ్యాను డ్రైవరును కూడా పైకి రమ్మంది. అతను గోడ పక్కన నిలబడ్డాడు.

"ఆ జాబితా మళ్ళీ పెట్టు."

మూడు సున్నాలు.

"మొదటి లైను చదువు."

"గేటు... సున్నా మేడమ్."

"వాళ్ళిద్దరూ గేటులోంచి బయటికి వచ్చారా, లేదా?"

"వచ్చారు మేడమ్. వాచ్‌మన్ మాట్లాడాడుగా."

"ఎన్నింటికి?"

"పది నలభైకి."

"గేటు వీడియో ఎప్పటినుంచి ఎప్పటివరకు?"

"పదిన్నర నుంచి పదకొండున్నర..." రిజిస్టరమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"మనకి తెలిసిన జవాబు కాబట్టి ఆ లైను ఎవరమూ చదవలేదు. నేనూ చదవలేదు. కెమెరా ముందునుంచి నడిచివెళ్ళిన మనుషుల్ని ఇది లేరంటోంది. మిగిలిన రెండు సున్నాలు ఎలా నమ్మాం?"

రిజిస్టరమ్మ డాక్టరు వైపు చూసింది.

"రిజిస్టరు ఇలా తే."

ఆమె తేలేదు. ఇన్‌స్పెక్టరే తీసుకుంది. వెనక్కి తిప్పింది.

"పోయిన నెల. గంట వీడియో. ఇరవై నిమిషాలు. ఇంకో గంట వీడియో. ఇరవై నిమిషాలు. ఇది కూడా ఇరవై. ఒక్కటైనా పందొమ్మిది లేదు." పేజీ తిప్పింది. "ఈ సోమవారం నుంచి చిన్న వీడియోలే, అవీ గంటకి పదహారు నిమిషాల లెక్కన. ఇవాళ మూడూ పదహారే. యంత్రం ఊరికే చురుకవుతుందా డాక్టరూ?"

డాక్టరు నేల చూశాడు.

"నిన్నే అడుగుతున్నా."

"కార్డుకి కంపెనీ వాళ్ళు ఒక వేగం పెట్టి పంపుతారు మేడమ్. దాన్ని మనం పెంచుకోవచ్చు. ఓవర్‌క్లాక్ అంటారు. నేనే పెంచాను."

"పరీక్షించావా?"

"పది నిమిషాలు టెస్టు పెట్టాను. నిలబడింది. సోమవారం నుంచీ చిన్నచిన్న వీడియోలే కదా వచ్చాయి, ఎప్పుడూ పడిపోలేదు. అందుకే ఇవాళ కేబుల్ అనుకున్నాను, డ్రైవర్ అనుకున్నాను. నా పని మీద అనుమానం రాలేదు మేడమ్. టెస్టు పాసైంది కదా అని."

"మూడోసారి పడిపోయాక నేను బయటికెళ్ళాను. అప్పుడేం చేశావు?"

"కొంచెం తగ్గించాను."

"ఎంత?"

"పడిపోకుండా ఉండేంత."

"నిజం చెప్పేంత తగ్గించలేదు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "అదే పదహారు నిమిషాలు వచ్చినప్పుడైనా నోరు విప్పాల్సింది. పడిపోయినంతసేపూ అది మనకి మేలే చేసింది. నావల్ల కావట్లేదని చెప్పింది. మీరు దాని నోరు నొక్కారు. అప్పటినుంచి తప్పులు కూడుతూ, తలూపుతూ కూర్చుంది."

"అలా లెక్క తప్పుతుందని తెలీదు మేడమ్," అన్నాడు డాక్టరు. "పడిపోతే పడిపోతుంది, లేకపోతే సరిగ్గా ఉంటుందనుకున్నాను. ఆ ఆకుపచ్చ చుక్కలు చూసినప్పుడైనా..."

"అన్‌ఆఫీషియల్‌గా చేశాం, బయటపడితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని భయం వేసింది మేడమ్," అంది రిజిస్టరమ్మ. ఏడుస్తోంది. "నేనే అడిగాను డాక్టరుగారిని. ఆయన తప్పేం లేదు. కాస్త స్పీడు పెంచి పెట్టండన్నా అని నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను."

"ఎందుకు?"

ఆమె వేలితో రిజిస్టరు చూపించింది.

పోయిన నెల చివరి పేజీ. మార్జిన్‌లో ఎర్ర సిరా.

'ఇంత ఆలస్యం దేనికి? సంజాయిషీ రాసి ఇవ్వాలి.'

కింద ఇన్‌స్పెక్టర్ సంతకం.

ఆమెకు గుర్తొచ్చింది. బైకు దొంగతనం కేసు. దొంగ ఊరు దాటిపోయాడు. ఆ కోపమంతా ఇక్కడికొచ్చి ఎర్ర పెన్నుతో దింపుకుంది. రాసిన అరగంటకే మర్చిపోయింది. ఈ పిల్ల మర్చిపోలేదు.

వ్యాను డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, అయితే నేను వెళ్ళొచ్చా?"

"వెళ్ళు. పొరపాటైంది."

"మా ఓనరు ఫోన్ చేశాడు. రేపటినుంచి రావద్దన్నాడు."

"నేను మాట్లాడతాను."

"మీరు మాట్లాడితే పోలీసులు మళ్ళీ ఫోన్ చేశారంటాడు మేడమ్," అన్నాడతను మెల్లగా. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.



5

4:47.

"కుడి కెమెరా తెరువు. వెతకమనకు. ఊరికే ప్లే చెయ్యి. పది నలభై నుంచి."

మూడు జతల కళ్ళు స్క్రీన్‌కు అతుక్కున్నాయి. గొడుగులు. సైకిలు. ఒక కుక్క. మళ్ళీ గొడుగులు.

10:43.

గొడుగు లేని ముసలావిడ. బూడిదరంగు స్వెట్టరు. చంకలో పాప. గబగబా, ఆలస్యమైపోయిన మనిషిలా నడుస్తోంది. స్క్రీను ఈ అంచున వచ్చి ఆ అంచున పోయింది.

మూడు నిమిషాల వీడియో. కళ్ళతో చూస్తే మూడు నిమిషాలు.

ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"డాక్టరూ, వేగం మొత్తం దించెయ్. కంపెనీ పెట్టిన దగ్గర పెట్టు. కుడి వైపు దారిలో ఉన్న కెమెరాలన్నీ మొదలుపెట్టండి," అంటూ ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

కొట్టేసిన మాట ఆమె బుర్రలో తిరుగుతోంది. బడి. అంత గబగబా నడిచేది ఎవరు? బడికి లేటైన పిల్లవాడి తల్లి.

పాప తల్లి లేచి నిలబడింది.

"మీ ఆయనకి ఫోన్ కలపండి. వెంటనే."

ఫోన్ కలిసింది. "మీరు చిన్నప్పుడు ఏ బడిలో చదివారు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"ఇప్పుడదెందుకు మేడమ్? మా అమ్మ..."

"చెప్పండి!"

"పాత మిల్లు వెనక చిన్న బడి. ఒకటి నుంచి అయిదు దాకా. రోజూ అమ్మే ఎత్తుకెళ్ళేది, నేను నడవనని మొండికేస్తే. ఆ బడి ఎప్పుడో మూసేశారు. ఇప్పుడు ఫర్నిచర్ గోడౌన్..."

సందుకు కుడి వైపు. ఒకటిన్నర కిలోమీటరు.

పాప తల్లిని ఎక్కించుకున్న జీపు 5:01కి గోడౌన్ ముందు ఆగింది. గేటుకు తాళం. పక్క గోడ విరిగి ఉంది. మనిషి పట్టేంత సందు.

వెనక రేకుల కింద మెట్లు. మూడో మెట్టు మీద నానమ్మ కూర్చుని ఉంది. జుట్టు తడిసి నెత్తికి అంటుకుంది. స్వెట్టరు ఆమె ఒంటి మీద లేదు. ఒళ్ళో పాపకు చుట్టబెట్టి ఉంది.

"ష్," అంది నానమ్మ. "పడుకున్నాడు. లోపలికి పంపకుండా తలుపులేసుకున్నారమ్మా. లేటైందట."

పాప పడుకోలేదు. ఏడ్చే ఓపిక కూడా లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. ప్రతి ఊపిరికీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. పిల్లి కూన చప్పుడు లాంటిదేదో గొంతులో.

పాప తల్లి పంటితో కవరు చించింది. తొందరలో ఇన్‌హేలర్ జారి కిందపడింది. ఇన్‌స్పెక్టర్ తీసి అందించింది.

ఒకసారి. పది లెక్కపెట్టారు. రెండోసారి. పది లెక్కపెట్టారు.

పాప కళ్ళు తెరిచి వాళ్ళమ్మను చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియలేదు.

"పీల్చవే తల్లీ. అమ్మ వచ్చిందిగా. పీల్చు, నా బంగారం కదూ."

ఇన్‌స్పెక్టర్ చేయగలిగింది ఏమీ లేదు. జీపు నడపడం తప్ప. ఆమె డ్రైవర్ సీట్లో తనే కూర్చుంది.

6

రాత్రి ఏడు దాటాక పిల్లల వార్డు డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"గండం గడిచింది. ఆక్సిజన్ మీద ఉంచాం. రెండు రోజులు చూడాలి."

పాప తల్లి అక్కడే నేల మీద కూలబడింది.

డాక్టరమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "కనీసం రెండు గంటల ముందు తెచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదండీ. ఎక్కడ లేటైంది?"

ఇన్‌స్పెక్టర్ వరండాలోకి నడిచింది.

వరండా బెంచీ మీద నానమ్మ, ఎవరిదో దుప్పటి కప్పుకుని. పాప చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని ఉంది. చిన్నది, అరచేయంత. దాన్ని అటూఇటూ తిప్పి చూస్తోంది. ఎవరిదా అన్నట్టు.

ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంది.

"బెల్లు కొట్టారా అమ్మా?" అంది నానమ్మ.

"ఇంకా లేదమ్మా."

"కొడితే చెప్పు. వాడు బయటికొచ్చేసరికి నేను కనిపించకపోతే హడలిపోతాడు."

"చెబుతానమ్మా."

ఇద్దరూ కూర్చున్నారు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ పై అధికారికి రిపోర్టు రాసింది. పేజీన్నర. టెక్నీషియన్ చేసింది రాసింది. కానిస్టేబుల్ అడిగింది రాసింది. అన్నిటికంటే ముందు, మొదటి పేరాలో, ఎర్ర సిరాతో తను రాసిన మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసింది. తేదీతో సహా. వ్యాను డ్రైవరు సంగతి రాయబోయి, ఏ కాలమ్‌లో రాయాలో తెలియక, చివర విడిగా రాసి సంతకం పెట్టింది.

9:40కి వీడియో గదికి వెళ్ళింది. కొత్త కేసు. బస్టాండులో సూట్‌కేసు పోయింది. రిజిస్టరమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. పుస్తకం తెరిచి టైము రాసింది.

"గంట వీడియో మేడమ్," అంది, తల ఎత్తకుండా. "ఇరవై నిమిషాలు పడుతుంది."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"పట్టనీ."